మెడ మీద బిళ్ళ – తగ్గాక మరిచిపోకండి

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఇంట్లో పిల్లకి మెడ పక్కన చిన్న బిళ్ళ కడితే మనం ఏం చేస్తామో మీకు నేను చెప్పక్కర్లేదు. ముందు వేలితో నొక్కి చూస్తాం. పన్ను పుచ్చిందేమో అంటాం. తలలో కురుపులున్నాయేమో, పేలు పట్టాయేమో అని జుట్టు పాయలు తీసి వెతుకుతాం. గొంతు నొప్పి ఉందా అని అడుగుతాం. చాలాసార్లు ఈ ఊహల్లో ఏదో ఒకటి నిజమే అవుతుంది. పన్ను బాగుచేయిస్తేనో, కురుపు మానితేనో బిళ్ళ కూడా దానంతటదే కరిగిపోతుంది. మనమూ మరిచిపోతాం.

కాని ఏ కారణమూ కనిపించకుండా కట్టిన బిళ్ళ, రెండు మూడు వారాలైనా తగ్గని బిళ్ళ, దానితోపాటు సాయంత్రమయ్యేసరికి జ్వరం, నీరసం – ఇలాంటిది వస్తే ఏమిటి సంగతి? ముఖ్యంగా పదిహేనేళ్ళు దాటిన ఆడపిల్లల్లోనూ, ముప్ఫై ఏళ్ళ లోపు స్త్రీలలోనూ వచ్చే ఒక అరుదైన జబ్బు గురించి ఈవేళ చెప్పుకుందాం. దాని పేరు కికూచి వ్యాధి. పేరు కొత్తగా ఉన్నా, ఇది మన దేశంలో కూడా కనిపిస్తూనే ఉంది. ఈ జబ్బు ప్రాణం తీసేది కాదు. చాలామందిలో మందులతో పెద్దగా పని లేకుండానే పోతుంది. మరి చెప్పుకోవడం ఎందుకంటారా? రెండు కారణాలున్నాయి. ఒకటి, దీన్ని చూసి ఇంకొకటని పొరబడే అవకాశం చాలా ఎక్కువ. రెండు, ఇది తగ్గిపోయాక కొందరిలో, కొన్ని నెలలకో కొన్నేళ్ళకో, ఇంకో పెద్ద జబ్బు బయటపడుతుంది. ఆ రెండో సంగతి తెలియకే చాలా ఇళ్ళలో నష్టం జరుగుతోంది.

ముందుగా అసలీ బిళ్ళలంటే ఏమిటో చూద్దాం. మన ఒంట్లో రక్తనాళాలు ఉన్నట్టే, లింఫు అనే పల్చని ద్రవం ప్రవహించే సన్నని నాళాలు కూడా ఉన్నాయి. వాటి దారిలో అక్కడక్కడ చిక్కుడు గింజల్లాంటి చిన్న చిన్న గ్రంథులుంటాయి. ఒళ్ళంతా కలిపి 600 దాకా ఉంటాయి. మెడలోనూ, చంకల్లోనూ, గజ్జల్లోనూ గుంపులు గుంపులుగా ఉంటాయి. మనం కాఫీ వడబోసుకున్నట్టు, ఈ గ్రంథులు లింఫును వడబోస్తాయి. అందులో సూక్ష్మక్రిములు వస్తే పట్టుకుని, వాటితో పోరాడే తెల్ల కణాలను పెంచుతాయి. పోరాటం జోరుగా ఉన్నప్పుడు గ్రంథి ఉబ్బుతుంది. అదే మనం చేతికి తగిలి బిళ్ళ అంటున్నది. అంటే బిళ్ళ కట్టడం జబ్బు కాదు, లోపల ఏదో జరుగుతోందని చెప్పే కబురు.

1972లో జపానులో ఇద్దరు డాక్టర్లు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, ఒకే రకం జబ్బును వర్ణించారు. ఒకరు మసహిరో కికూచి, రెండో ఆయన ఫ్యూజిమోటో, ఆయనతో పనిచేసినవారు. అందుకే దీన్ని కికూచి–ఫ్యూజిమోటో వ్యాధి అని కూడా అంటారు. మెడలోంచి తీసిన గ్రంథిని సూక్ష్మదర్శినిలో చూస్తే, మధ్యమధ్య కొంత భాగం చచ్చిపోయి ఉంది. చచ్చిన కణాల పొడిని మింగి శుభ్రం చేసే పెద్ద కణాలు చుట్టూ చేరి ఉన్నాయి. కాని మామూలుగా చీము పట్టే చోట కనిపించే తెల్ల కణాలు మాత్రం లేవు. ఇదే దీని గుర్తు. ఆ తరవాత చైనా, కొరియా, మన దేశం, పడమటి దేశాలు – అన్ని చోట్లా ఇలాంటివి బయటపడ్డాయి. ఆసియా వాళ్ళలో ఎక్కువ. జపాను పేరుంది కదా అని అక్కడినుంచి అంటుకొచ్చిందనుకోకండి. ఇది అంటువ్యాధి కాదు. కంచం, మంచం వేరు చేయాల్సిన పని లేదు.

ఇక లక్షణాలు. ఎక్కువగా మెడకి ఒక పక్కనే, చెవికి కిందుగా వెనకవైపు, ఒకటో రెండో సెంటీమీటర్ల బిళ్ళలు కడతాయి. ఒక్కటి కావచ్చు, నాలుగైదు కావచ్చు. నొక్కితే కొందరికి నొప్పి పుడుతుంది, కొందరికి ఏమీ ఉండదు. సుమారు సగంమందికి జ్వరం వస్తుంది. రాత్రుళ్ళు చెమటలు పోయడం, ఆకలి మందగించడం, బరువు తగ్గడం, కీళ్ళ నొప్పులు, ఒంటిమీద దద్దుర్లు కొందరిలో ఉంటాయి. రక్తం పరీక్ష చేయిస్తే కొందరిలో తెల్ల కణాలు తగ్గి కనిపిస్తాయి. ఇ.ఎస్.ఆర్. పెరిగి ఉంటుంది. పురుషులకి రాదని కాదు, చిన్నపిల్లలకీ వస్తుంది. అయినా వయసులో ఉన్న స్త్రీలలోనే ఎక్కువగా చూస్తున్నారు.

దీనికి కారణం ఏదో వైరసు అయి ఉంటుందని చాలామంది డాక్టర్ల అనుమానం. ఒకటి రెండు వైరసుల మీద గట్టిగా వెతికారు గాని, ఫలానాదే అని ఏదీ రుజువు కాలేదు. ఏదో ఒక ప్రేరణ తగిలితే మన సొంత రక్షణ కణాలే అతిగా రెచ్చిపోయి గ్రంథిలోని కణాలను చంపేస్తున్నాయన్నంతవరకు తెలిసింది. "సొంత రక్షణ కణాలే" అన్న మాట గుర్తుంచుకోండి. మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు పొరబాటు ఎక్కడ జరుగుతుందో చూద్దాం. మెడలో బిళ్ళ, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం అంటే మన దేశంలో ఏ డాక్టరైనా ముందుగా అనుమానించేది క్షయ. పూర్వం పెద్దలు గండమాల అనేవారే, అది మెడ గ్రంథులకు వచ్చే క్షయే. ఊపిరితిత్తులు కాక ఇతర భాగాలకు వచ్చే క్షయలో గ్రంథులకు వచ్చేదే ఎక్కువ. కాబట్టి ఆ అనుమానం న్యాయమైనదే. రెండో అనుమానం లింఫోమా, అంటే గ్రంథుల కాన్సరు. అదీ ఇదే వేషంలో వస్తుంది. మూడోది మన కికూచి. నాలుగోది లూపస్ అనే జబ్బు, దాని సంగతి తరవాత. ఈ నాలుగూ మెడ దగ్గర ఒకేలా ఉంటాయి. వేలితో తడిమి ఇది ఫలానా అని చెప్పడం ఎంతటివారికైనా సాధ్యం కాదు.

ఇందులో ఒక తమాషా ఉంది. కికూచి బిళ్ళ సాధారణంగా ఒకటి నుంచి నాలుగు నెలల్లో, ఆలస్యమైతే ఆరు నెలల్లో, తనంతట తానే తగ్గిపోతుంది. ఆలోగా మనం ఏది చేస్తే ఆ పేరు దానికి వస్తుంది. సున్నం బెల్లం పట్టు వేసినావిడ "నా పట్టుకే తగ్గింది" అంటుంది. తాయెత్తు కట్టించినావిడ తాయెత్తు అంటుంది. రుజువు లేకుండా క్షయ మందులు మొదలుపెట్టిన చోట, రెండు నెలలకి బిళ్ళ కరిగేసరికి "చూశారా, క్షయే" అని అందరూ నమ్ముతారు. పాపం ఆ పిల్ల ఆరు నెలలపాటు తనకి అక్కర్లేని మందులు మింగుతుంది. అవి తేలికైన మందులు కావు. కొందరికి వాటివల్ల కామెర్లు వస్తాయి, ఒక మందువల్ల కొందరికి చూపు మందగించవచ్చు. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి. అసలు జబ్బు పేరు ఆ ఇంట్లో ఎవరికీ ఎప్పటికీ తెలియదు. పేరు తెలియకపోతే తరవాత రాబోయేదానికోసం కనిపెట్టుకుని ఉండేదెవరు?

ఇది విని, క్షయ మందులు వాడుతున్నవారు ఎవరూ మానేయకండి. క్షయ నిజంగా ఉన్నవాళ్ళకి ఆ మందులే ప్రాణం. మధ్యలో మానితే క్రిమి మొండికెత్తి, ఆ తరవాత మందులకి లొంగదు. ప్రభుత్వం క్షయ పరీక్షలూ మందులూ ఉచితంగానే ఇస్తోంది. నేను చెప్పేది ఒక్కటే: మందులు మొదలుపెట్టే ముందు "డాక్టరుగారూ, ఇది క్షయే అని ఏ పరీక్షలో తేలిందండీ?" అని మర్యాదగా అడగండి. అడగడం మన హక్కు. మంచి డాక్టరు ఎవరూ దానికి కోపగించుకోరు.

ఏ పరీక్షలు చేస్తారు? మొదట సన్నని సూదితో గ్రంథిలోంచి కొన్ని కణాలు తీసి చూస్తారు. ఇది తేలిక పరీక్ష. కొన్నిసార్లు దీంతోనే సంగతి తేలిపోతుంది. కాని కికూచి విషయంలో సూది పరీక్ష చాలాసార్లు ఎటూ తేల్చదు. గ్రంథి మొత్తం అల్లిక ఎలా ఉందో చూస్తేగాని తెలియదు. అందుకని ఒక గ్రంథిని పూర్తిగా తీసి పరీక్షకి పంపడం మంచిది. దాన్నే బయాప్సీ అంటారు.

ఇక్కడే మన ఇళ్ళలో గొడవ మొదలవుతుంది. "పెళ్ళి కావలసిన పిల్ల, మెడ మీద కోతేమిటి? మచ్చ పడితే రేపు పెళ్ళివారు అడిగితే ఏం చెప్పాలి?" అని తల్లులు వెనకాడతారు. ఆ తల్లి బెంగ నాకు అర్థమవుతుంది. మన సంఘం అలా ఉంది మరి. కాని ఒక్కసారి ఆలోచించండి. చిన్న గ్రంథి తీయడానికి సాధారణంగా ఆ చోట మాత్రమే మత్తు ఇస్తే చాలు. మెడ మడతలో కలిసిపోయేలా కోత పెట్టమని అడగవచ్చు. కొన్ని నెలలకి సన్నగీతలా మిగులుతుంది. ఆ గీతకి భయపడి రుజువు లేకుండా "క్షయ" అన్న ముద్ర వేయించుకోవడం గాని, లింఫోమా అయితే విలువైన నెలలు పోగొట్టుకోవడం గాని ఎంతవరకు తెలివైన పని? బయాప్సీ చేస్తే కాన్సరు ఒళ్ళంతా పాకుతుందని ఇంకో భయం ఉంది. గ్రంథిని పరీక్షకి తీసినందువల్ల జబ్బు అలా పాకదు.

బయాప్సీ చేయించేటప్పుడు ఇంటివాళ్ళు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. తీసిన ముక్కను మామూలుగా ఫార్మలిన్ ద్రవంలో వేస్తారు. సూక్ష్మదర్శినిలో చూడడానికి అది కావాలి. కాని ఫార్మలిన్‌లో పడ్డ క్షయ క్రిమి చచ్చిపోతుంది. ఇక దాన్ని పెంచి చూసే కల్చర్ పరీక్షకి ఆ ముక్క పనికిరాదు. అందుకని ముందే "కొంత ముక్క క్షయ పరీక్షలకి విడిగా పంపుతారా?" అని అడగండి. కల్చరుకి వారాలు పడుతుంది. కాని క్రిమి తాలూకు జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష ఒక్కరోజులోనే జవాబిస్తుంది. అలాగే ప్రయోగశాలలో ముక్కను మైనం దిమ్మలో పొదిగి దాస్తారు. ఆ దిమ్మనీ గాజు పలకలనీ ఇంకో నిపుణుడికి చూపించుకోవచ్చు. కికూచి అరుదైనది కనుక, చూడని కళ్ళకి అది లింఫోమాలా కనిపించిన సందర్భాలున్నాయి. కాన్సరు అని చెప్పినా, అనుమానంగా రాసినా, వైద్యం మొదలయ్యేలోపు రెండో అభిప్రాయం తీసుకోవడంలో తప్పు లేదు.

ఇంకో జాగ్రత్త. జ్వరం తగ్గడం లేదని మందుల షాపులో అడిగి స్టీరాయిడ్ బిళ్ళలు తెచ్చి వేయకండి. వేసిన రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది, మెడ బిళ్ళ కూడా చిన్నదవుతుంది. బాగుందనుకుంటాం. కాని లోపల ఉన్నది క్షయ అయితే అది విజృంభిస్తుంది. లింఫోమా అయితే గుర్తులు చెరిగిపోయి, బయాప్సీలో కూడా దొరక్కుండా పోవచ్చు. పేరు తేలాకే ఆ మందు, అదీ డాక్టరు రాస్తేనే. రాసిన మందును ఒక్కసారిగా ఆపకూడదు కూడా.

సరే, బయాప్సీలో కికూచి అని తేలింది. వైద్యం ఏమిటి? చాలామందికి విశ్రాంతి, జ్వరానికీ నొప్పికీ మామూలు మాత్రలు సరిపోతాయి. జ్వరం మరీ వేధిస్తుంటే, నెలలు గడిచినా తగ్గకపోతే స్టీరాయిడ్ గాని, హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మందు గాని ఇస్తారు. ఈ రెండోది మలేరియా మందుల కుటుంబంలోది. ఇలాంటి జబ్బుల్లోనూ బాగా పనిచేస్తుంది. ఎక్కువకాలం వాడవలసి వస్తే కంటి డాక్టరుకి చూపించుకుంటూ ఉండాలి. తగ్గినవారిలో నూటికి ముగ్గురు నలుగురికి మళ్ళీ బిళ్ళలు కట్టవచ్చు. పథ్యం ఏమీ లేదు. వంకాయ, గోంగూర మానక్కర్లేదు. జ్వరంతో నీరసించిన పిల్ల కనుక పప్పు, పాలు, గుడ్లు, పళ్ళు బాగా పెట్టండి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఇందాక సొంత రక్షణ కణాల మాట గుర్తుంచుకోమన్నాను. ఇంటికి కాపలాగా ఒక కుక్కను పెంచుకుంటాం. దొంగ వస్తే మొరగాలి, కరవాలి. కాని అది ఇంటివాళ్ళనే గుర్తు పట్టక మీద పడితే? మన ఒంటి రక్షణ వ్యవస్థ ఒక్కోసారి అలాగే తప్పుతుంది. సొంత కీళ్ళనీ, చర్మాన్నీ, మూత్రపిండాల్నీ పరాయివనుకుని దాడి చేస్తుంది. ఇలాంటి జబ్బులని ఆటోఇమ్యూన్ జబ్బులంటారు. ఇవి మగవారికంటే ఆడవారిలో చాలా ఎక్కువ. వీటిలో పెద్దది లూపస్. లూపస్ వచ్చినవారు పదిమంది ఉంటే వారిలో తొమ్మిదిమంది దాకా స్త్రీలే, అదీ పిల్లల్ని కని పెంచే వయసులోనివాళ్ళే.

కికూచికీ లూపస్‌కీ ఏదో చుట్టరికం ఉంది. ఆ చుట్టరికం ఎలాంటిదో పూర్తిగా తేలలేదు గాని, ఉన్నదని మాత్రం అందరూ ఒప్పుకుంటారు. కొందరికి ముందు లూపస్ ఉండి తరవాత కికూచి వస్తుంది. కొందరికి రెండూ ఒకేసారి బయటపడతాయి. కొందరికి కికూచి వచ్చి తగ్గిపోయిన కొన్ని నెలలకో, ఏళ్ళకో లూపస్ తలెత్తుతుంది. భయపడకండి, కికూచి వచ్చినవారిలో ఎక్కువమందికి లూపస్ రానే రాదు. ఎవరికి వస్తుందో ముందుగా చెప్పగల పరీక్ష లేదు కనుకనే కనిపెట్టుకుని ఉండమంటున్నాం.

కికూచి అని తేలగానే డాక్టరు ఎ.ఎన్.ఎ. అనే రక్తపరీక్ష చేయిస్తారు. సొంత కణాల మధ్యనుండే బీజం మీద దాడిచేసే పదార్థాలు రక్తంలో ఉన్నాయా అని చూసే పరీక్ష ఇది. మామూలు కికూచిలో ఇది చాలావరకు లేదనే వస్తుంది. ఉందని వస్తే వెంటనే లూపస్ అని ఏడవక్కర్లేదు. ఏ జబ్బూ లేని ఆరోగ్యవంతుల్లో కూడా కొందరికి అలా వస్తుంది. మిగతా లక్షణాలు, ఇతర పరీక్షలు కలిపి చూసి డాక్టరు నిర్ణయిస్తారు. అలాగే ఇవాళ లేదని వచ్చిందని జీవితాంతం ధీమాగా ఉండడానికీ లేదు.

మరి ఇంట్లో మనం ఏం గమనించాలి? డాక్టరు ఆరు నెలలకొకసారి చూస్తారు. మనం రోజూ చూస్తాం. కాబట్టి ముందుగా కనిపెట్టగలిగేది మనమే.

ముఖం చూడండి. లూపస్‌లో రెండు బుగ్గల మీదా, ముక్కు దూలం మీదా రెక్కలు చాచిన సీతాకోకచిలుకలా దద్దు వస్తుంది. తెల్లని ఒంటి మీద ఎర్రగా కనిపిస్తుంది గాని, మన చామనచాయ ఒంటి మీద ఎరుపు అంతగా తెలియదు, నల్లగా కమిలినట్టు ఉంటుంది. మనవాళ్ళు మంగు వచ్చిందనుకుని క్రీములు పూస్తూ కూర్చుంటారు. ఎండలోకి వెళ్ళి వస్తే అది ఎక్కువవుతోందా, దాంతోపాటు జ్వరమో నొప్పులో ఉన్నాయా అని చూడండి. నోట్లో, అంగిలి మీద నొప్పి లేని పుళ్ళు వస్తున్నాయా? దువ్వెనకి జుట్టు కుచ్చులు కుచ్చులుగా వస్తోందా? పొద్దున్న లేవగానే చేతివేళ్ళ కీళ్ళు బిగుసుకుని, పిండి కలపడానికి కూడా కష్టంగా ఉందా? చల్లనీళ్ళలో చెయ్యి పెడితే వేళ్ళు తెల్లగా పాలిపోయి, ఆ తరవాత నీలంగా మారుతున్నాయా? గట్టిగా ఊపిరి పీలిస్తే గుండెలో పొడిచినట్టుందా? కారణం తెలియని జ్వరం పదేపదే వస్తోందా?

వీటన్నిటికంటే ముఖ్యమైనది మూత్రం. లూపస్ మూత్రపిండాల మీద పడితే మొదట్లో నొప్పి అంటూ ఏమీ ఉండదు. మూత్రం నురగ నురగగా పోవడం, పొద్దున్నే కళ్ళ కింద ఉబ్బు, సాయంత్రానికి పాదాలకు నీరు, రక్తపోటు పెరగడం – ఇవే గుర్తులు. ఒక్కోసారి ఇవి కూడా ఉండవు. మామూలు మూత్రపరీక్షలో మాంసకృత్తులు పోతున్నాయని తేలుతుంది. ఇది చవకైన పరీక్ష, ఏ ఊళ్ళోనైనా చేస్తారు. మూత్రపిండాల సంగతి మొదట్లోనే తెలిస్తే మందులతో వాటిని కాపాడవచ్చు. ఆలస్యమైతే పోయిన భాగం తిరిగి రాదు. కికూచి వచ్చి తగ్గిన అమ్మాయి విషయంలో శ్రద్ధ పెట్టమని ఇంతగా చెబుతున్నది ఇందుకే.

లూపస్ ఒక్కటే కాదు. థైరాయిడ్ గ్రంథి మీద సొంత కణాలే దాడిచేసే జబ్బు ఉంది. దాన్ని 1912లో హషిమోటో అనే జపాను డాక్టరు వర్ణించారు. ఇదీ కికూచి వచ్చినవారిలో కొందరికి కనిపించింది. ఒళ్ళు రావడం, మలబద్ధకం, చలికి తట్టుకోలేకపోవడం, నెలసరి ఎక్కువగా కావడం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించాలి. కళ్ళలో ఇసుక పడ్డట్టు గరగర, ముద్ద మింగాలంటే పక్కన నీళ్ళ గ్లాసు ఉండాల్సినంత నోరు ఎండిపోవడం ఉంటే అది జోగ్రెన్ అనే జబ్బు కావచ్చు. రక్తం అకారణంగా గడ్డకట్టే జబ్బు ఇంకొకటి. దానివల్ల గర్భం నిలవక మాటిమాటికీ పోతుంది. ఇలా గర్భస్రావాలు జరిగినప్పుడు మన ఇళ్ళలో ఆ కోడలి జాతకం దగ్గరనుంచి నడవడిక వరకు అన్నీ అంటారు. రక్తం పరీక్ష చేయించడం మాత్రం ఎవరికీ తోచదు. పన్నెండు వారాల ఎడంతో రెండుసార్లు పరీక్ష చేసి ఆ జబ్బు ఉందని తేలిస్తే, చిన్న మోతాదు ఆస్పిరిన్, హెపారిన్ ఇంజెక్షన్లతో ఎంతోమంది పండంటి బిడ్డల్ని కంటున్నారు.

కికూచి ఉన్నప్పుడే చాలా అరుదుగా వచ్చే ప్రమాదాలు రెండున్నాయి. భరించలేని తలనొప్పి, మెడ వంచలేకపోవడం, వాంతులు వస్తే మెదడు పొరలకు వాపు వచ్చిందేమో చూడాలి. జ్వరం ఎంతకీ దిగక, రక్తకణాలన్నీ పడిపోతూ, ఒంటిమీద కమిలిన మచ్చలు, కామెర్లు కనిపిస్తే రక్షణ కణాలు పూర్తిగా అదుపు తప్పాయన్నమాట. ఈ రెండింటిలోనూ తెల్లవారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఇక ముఖ్యంగా చెప్పదలచుకున్నది. బిళ్ళ కరిగిపోయాక చాలా ఇళ్ళలో మొదట పారేసేది ఆసుపత్రి కాగితాలు. పెళ్ళిచూపులకు వచ్చినవారి కంట పడతాయని దాస్తారు, దాచి దాచి పోగొడతారు. పిల్ల అత్తవారింటికి వెళుతుంది. అక్కడ కీళ్ళ నొప్పులంటే "చిన్న వయసులోనే నొప్పులేమిటి, పని ఎగవేత" అంటారు. జుట్టు ఊడితే నీళ్ళు మారాయంటారు. కొత్త ఊళ్ళో కొత్త డాక్టరుకి పాత జబ్బు సంగతి చెప్పేవారుండరు. పాపం ఆ పిల్లకే తెలియదు, తనకి ఏం వచ్చి తగ్గిందో. పాత బయాప్సీ కాగితం ఒక్కటి చేతిలో ఉంటే కొత్త డాక్టరు మొదటిరోజే సరైన దారి పడతారు. లేకపోతే నెలలు గడిచిపోతాయి.

కాబట్టి ఆ కాగితం పారేయకండి. నగల పెట్టెలో రసీదులు దాచుకున్నట్టు దాచండి. నకలు తీసి పిల్ల చేతికివ్వండి. జబ్బు పేరు ఆ పిల్ల నోట పలికించండి. మొదటి ఏడాది డాక్టరు చెప్పిన ప్రకారం కొన్ని నెలలకొకసారీ, ఆ తరవాత కొన్నేళ్ళపాటు ఏడాదికొకసారీ చూపించండి. రక్తకణాల లెక్క, మూత్రపరీక్ష, రక్తపోటు – వీటికి పెద్ద ఖర్చు కాదు. పెళ్ళి కుదిరాక అబ్బాయికి సంగతి చెప్పడమే మంచిదని నా అభిప్రాయం. వచ్చి తగ్గిపోయిన జబ్బు ఇది, అంటుకునేది కాదు, పిల్లలు పుట్టడానికి అడ్డమూ కాదు. చెప్పడానికి సిగ్గుపడాల్సింది ఇందులో ఏముంది?

ఒకవేళ లూపస్ వచ్చినా లోకం మునిగిపోలేదు. ఎండలో గొడుగు, రోజూ మందు, వేళకు పరీక్షలు ఉంటే ఉద్యోగాలు చేసుకుంటూ, సంసారాలు నడుపుకుంటూ హాయిగా ఉన్నవారెందరో. గర్భం మాత్రం డాక్టరుతో ముందే మాట్లాడి, జబ్బు కనీసం ఆరు నెలలుగా అణిగి ఉన్నప్పుడే ధరించాలి. కొన్ని మందులు కడుపులో బిడ్డకి పడవు, వాటిని ముందే మార్చాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రం గర్భంతో ఉన్నా సాధారణంగా కొనసాగిస్తారు. కడుపుతో ఉన్నానని భయపడి సొంతంగా మందులన్నీ మానేస్తేనే తల్లికీ బిడ్డకీ ముప్పు.

మెడ మీద కట్టిన ప్రతి బిళ్ళా కికూచి కాదు, ప్రతి బిళ్ళా కాన్సరూ కాదు. రెండు మూడు వారాల్లో తగ్గకపోతేనో, రాయిలా గట్టిగా కదలకుండా ఉంటేనో, మెడ ఎముక పైన గుంటలో కడితేనో, జ్వరమో బరువు తగ్గడమో తోడైతేనో డాక్టరుకి చూపించండి. పేరు తేలేదాకా వదలకండి. పేరు తేలి, జబ్బు తగ్గాక ఆ పేరును మరవకండి. ఇంట్లో అందరి జ్వరాలూ నొప్పులూ గుర్తుపెట్టుకునేది మనమే కదా. ఈ ఒక్క పేరు కూడా మీ జ్ఞాపకాల్లో ఉంచుకోండి. మీ ఇంట్లో అవసరం రాకపోయినా, పక్కింటి పిల్లకైనా పనికొస్తుంది.